పది అయ్యాక ఎంపీసీనా, పాలిటెక్నిక్‌లో ట్రిపుల్‌ఈనా (ఎలక్ట్రికల్ బ్రాంచి), ఐటీఐనా? కరెంటు పని మీద ఇష్టం నిలిచేదో కాదో ఎలా తెలుస్తుంది?

సత్తెనపల్లి_అక్క

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ మార్చిలో పది రాస్తున్నాడు. ప్రీఫైనల్లో లెక్కలకు 72, ఫిజిక్స్‌లో 50కి 39 వచ్చాయి. ఇంగ్లిష్ అంతంత మాత్రం. బట్టీ పట్టమంటే కూర్చోడు. మిక్సీ, ఫ్యాను, పొలంలో మోటారు స్టార్టరు, ఏది ఆగిపోయినా విప్పి చూడాల్సిందే. "నాకు కరెంటు పనే కావాలక్కా" అంటున్నాడు.

నాన్న మాత్రం విజయవాడలో హాస్టల్ ఉన్న కాలేజీలో ఎంపీసీ చదివించి, తర్వాత సీఎస్‌ఈలో (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) చేర్పించాలని గట్టిగా ఉన్నారు. ఐటీఐ చేయిస్తే రెండేళ్లలో లైన్‌మన్ పోస్టుకు పెట్టుకోవచ్చని బాబాయి మాట. స్కూల్లో లెక్కల సార్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష, పాలిసెట్ రాయించమన్నారు. ముగ్గురూ వాడి మంచి కోరేవాళ్లే, అందుకే ఎవరికీ ఎదురు చెప్పలేకపోతున్నాను.

వాడి ఇష్టం వయసుతో వచ్చిన సరదానా, నిజంగా వాడికి నప్పే పనేనా అన్నది చేర్చకముందే తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా? ఏ దారిలో చేరితే ఏ తలుపులు మూసుకుపోతాయి? ఇంకో సంగతి, వాడికి దూరపు చూపుకు కళ్లద్దాలున్నాయి, మైనస్ ఒకటిన్నర. రైల్వేలోకి పనికిరాడని ఎవరో అన్నారట, అప్పటినుంచి దిగులు పెట్టుకున్నాడు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

నల్లబల్ల

నేను డిప్లొమా పిల్లలకు పాఠాలు చెప్పేవాడిని. కాబట్టి పాలిటెక్నిక్ లోపల ఏముంటుందో చెప్తాను, మిగతా దారుల గురించి వాటిలో ఉన్నవాళ్లు చెప్పాలి.

పాలిటెక్నిక్ అంటే చేతిపని నేర్పే చోటనుకుని చేరే పిల్లలే మొదటి ఏడాది ఎక్కువ తిప్పలు పడతారు. మొదటి ఏడాది లెక్కల్లో మాత్రికలు, పాక్షిక భిన్నాలు, త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యలు, సరళరేఖలు, వృత్తాలు, అవకలనం వరుసగా వస్తాయి. ఇంటర్లో రెండేళ్లకు పరిచి చెప్పే సరుకులో చాలా భాగం ఇక్కడ ఒక్క ఏడాదిలో నడుస్తుంది. లెక్కలు తప్పించుకోవడానికి పాలిటెక్నిక్ అనుకుంటే అది జరగదు. ఎలక్ట్రికల్ వాళ్లకైతే అసలే జరగదు. రెండో ఏడాది ఏసీ సర్క్యూట్లలో ఇంపిడెన్స్‌ను (కరెంటుకు సర్క్యూట్ ఇచ్చే అడ్డు) సంకీర్ణ సంఖ్యగా రాసి కూడాలి, గుణించాలి. మొదటి ఏడాది సంకీర్ణ సంఖ్యలు వదిలేసినవాడికి అక్కడ చుక్కలు కనిపిస్తాయి. మీ తమ్ముడి 72 మార్కులు ఈ పనికి చాలు. అయితే అవి ఏ లెక్కలకు వచ్చాయో ఒకసారి జవాబు పత్రం తీసి చూడండి. త్రికోణమితి, వర్గ సమీకరణాలు సొంతంగా చేసి ఉంటే భయం లేదు. సాంఖ్యకశాస్త్రం లాంటి తేలిక పాఠాల మార్కులతో గట్టెక్కి ఉంటే మాత్రం ఈ వేసవి రెండు నెలలూ త్రికోణమితి, బీజగణితం మీద కూర్చోబెట్టండి.

రెండో ఇబ్బంది ఇంజినీరింగ్ డ్రాయింగ్. ఒక వస్తువును ముందునుంచి, పైనుంచి, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో కాగితం మీద గీయాలి. తెలివైన పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోతారు, ఎందుకంటే ఇది చదివితే రాదు, గీస్తేనే వస్తుంది. విప్పి బిగించే అలవాటున్న కుర్రాళ్లకు సాధారణంగా ఇది తొందరగా పట్టుబడుతుంది. మీవాడికి అది కలిసొచ్చే విషయం.

మూడోది ఇంగ్లిష్. పుస్తకాలు, ప్రశ్నపత్రాలు ఇంగ్లిష్‌లోనే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు పరీక్షలో లెక్క చేయగలిగి కూడా సిద్ధాంతం రాసే ప్రశ్నలు ఖాళీగా వదిలేస్తారు. దీనికి పెద్ద కోచింగ్ అక్కర్లేదు. పది ఫిజిక్స్ పుస్తకం ఇంగ్లిష్‌ది తెచ్చి విద్యుత్తు, అయస్కాంతత్వం పాఠాలు ఇంగ్లిష్‌లో చదివించండి. తెలిసిన విషయమే కాబట్టి మాటలు త్వరగా అంటుకుంటాయి.

పాలిసెట్ సంగతి. మన రాష్ట్రంలో 120 ప్రశ్నలు, రెండు గంటలు. లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. అన్నీ పదో తరగతి సిలబసే, తప్పుకు మార్కు కోత లేదు. 36 మార్కులొస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. ప్రశ్నలు కష్టం కాదు, సమయమే తక్కువ. ప్రశ్నకు ఒక్క నిమిషం. చాలామంది లెక్కల దగ్గర గంటంపావు గడిపేసి కెమిస్ట్రీ సగం చూడకుండానే బయటికొస్తారు. ముందు కెమిస్ట్రీ, తర్వాత ఫిజిక్స్, చివర లెక్కలు అనే వరుస చాలామందికి పనికొస్తుంది. పాత పేపర్లు గడియారం పెట్టి చేయించండి.

అర్హత రావడం వేరు, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్రిపుల్‌ఈ సీటు రావడం వేరు. గుంటూరు నల్లపాడులోని ఎంబీటీఎస్, విజయవాడ ప్రభుత్వ పాలిటెక్నిక్ లాంటి చోట్ల పోటీ బాగా ఉంటుంది. ల్యాబ్‌లో మెషీన్లు, వాటిని నడిపించి చూపించే సిబ్బంది ఉన్న కాలేజీ దొరకడం ఎలక్ట్రికల్‌కు చాలా ముఖ్యం. ప్రైవేటు కాలేజీ అయితే చేర్చేముందు ఒకసారి వెళ్లి ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ తలుపు తీయించి చూడండి. మోటారు జనరేటరు సెట్ల మీద దుమ్ము పేరుకుని ఉంటే, మీటర్ల ముల్లు సున్నా దగ్గర లేకుండా వంగి ఉంటే, ఆ ల్యాబ్ పరీక్ష రోజున తప్ప తెరవరని అర్థం.

కౌన్సెలింగ్‌కు పది మెమో, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. మధ్యలో స్కూలు మారి ఉంటే పాత స్కూలు స్టడీ సర్టిఫికెట్ దగ్గరే అందరూ ఆగిపోతారు. వెబ్ ఆప్షన్లు నాలుగైదు పెట్టి ఊరుకోవద్దు. వెళ్లగలిగిన ప్రతి కాలేజీనీ ఇష్టం ఉన్న వరుసలో పెట్టండి. కింద ఎన్ని పెట్టినా పైన పెట్టినవాటికి నష్టం లేదు.

డిప్లొమా తర్వాత చదవాలనుకుంటే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. 200 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా వంద బ్రాంచి సబ్జెక్టు. డిప్లొమాలో ఏ బ్రాంచి చదివితే ఈసెట్‌లో ఆ పేపరు, బీటెక్‌లో దాదాపు ఆ బ్రాంచే. కాబట్టి "ఇప్పుడు ట్రిపుల్‌ఈ చదివి తర్వాత సీఎస్‌ఈకి మారదాం" అనే లెక్క పెట్టుకుని చేరవద్దు.

---

ఫీడర్_33

లెక్చరర్ గారు చదువు సంగతి చెప్పారు, నేను పని సంగతి చెప్తాను. అక్క గారి అసలు ప్రశ్న ఇష్టం నిజమైనదా కాదా అని. మా ఫీల్డులో దాన్ని తేల్చుకునే పద్ధతి ఒకటే: పనిలో విసుగు పుట్టించే భాగాన్ని చేయించి చూడటం. విప్పడం ఎవరికైనా సరదాగానే ఉంటుంది. విప్పేముందు ఏ వైరు ఎక్కడినుంచి తీశానో కాగితం మీద రాసుకునే కుర్రాడు ఈ పనికి పుట్టినవాడు.

పరీక్షలు అయ్యాక ఇలా చేయించండి. మీ పొలంలో స్టార్టరు ఉందన్నారు కదా, డీఓఎల్ రకం (మోటారును నేరుగా లైనుకు కలిపేది) అయి ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా, పెద్దవాళ్లు కరెంటు ఆపి మూత తీశాక లోపలివైపు అంటించిన బొమ్మ చూసి, దాని కంట్రోల్ సర్క్యూట్ నోట్‌బుక్‌లో గీయమనండి. పచ్చబటన్ నొక్కి వదిలేసినా మోటారు ఎందుకు ఆగదు? కరెంటు పోయి మళ్లీ వస్తే తనంతట తాను ఎందుకు తిరగదు? ఈ రెండింటికీ జవాబు ఆ బొమ్మలోనే ఉంది, నోవోల్ట్ కాయిల్ (కరెంటు ఉన్నంతసేపే స్టార్టరును పట్టి ఉంచే కాయిల్), దానితోపాటు మూసుకునే చిన్న కాంటాక్టు దగ్గర. సొంతంగా కనిపెట్టాడంటే సగం పరీక్ష పాసైనట్టే.

తర్వాతి మెట్టు లెక్క. మోటారు 5 హెచ్‌పీ అనుకుందాం. ఒక హెచ్‌పీకి 746 వాట్ల చొప్పున 3,730 వాట్లు. 415 వోల్టులు, త్రీఫేజు, పవర్ ఫ్యాక్టరు 0.85, మోటారు సామర్థ్యం 85 శాతం అని పెట్టుకుంటే పూర్తి లోడు మీద ఏడు ఆంపియర్లు దాటి వస్తుంది. ఇప్పుడు ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటారును ఆపేది) ముల్లు ఎక్కడ పెట్టి ఉందో చూడమనండి. చాలా పొలాల్లో పది, పన్నెండు మీద ఉంటుంది, ట్రిప్ అవుతోందని ఎవరో తిప్పేసి ఉంటారు. అలా తిప్పితే ఏమవుతుంది? ఒక ఫేజు ఫ్యూజు పోయినప్పుడు మోటారు మూలుగుతూ మిగతా రెండు ఫేజుల మీదే తిరుగుతుంది, వాటిలో కరెంటు పెరుగుతుంది, ఆపాల్సిన రిలే ఆపదు, వైండింగు కాలిపోతుంది. రీవైండింగు ఖర్చు ఎక్కడినుంచి వస్తోందో ఈ ఒక్క లెక్క చెప్తుంది. ఈ గొలుసు మొత్తం తెలుసుకోవాలన్న ఆత్రం వాడిలో కనిపిస్తే డిప్లొమాకు పంపండి. "లెక్క ఎందుకు, స్క్రూ ఎక్కడుందో చెప్పు" అంటే ఐటీఐ నప్పుతుంది. అది తక్కువ చదువని కాదు. రెండూ వేర్వేరు పనులు.

మూడోది, మీ ఊళ్లో రీవైండింగు షాపులో రెండు వారాలు ఊరికే కూర్చోబెట్టండి. పాత చుట్టు కోసేముందు ఒక్కో కాయిల్‌లో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టడం, తీగ గేజు మైక్రోమీటరుతో కొలవడం, స్లాట్లలో ఇన్సులేషన్ పేపరు దూర్చడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం, చివర మెగ్గరుతో (ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) చూడటం. చుట్ల లెక్క తప్పితే మోటారు తిరుగుతుంది గానీ వేడెక్కుతుంది, నెల తిరక్కుండా వెనక్కి వస్తుంది. ఈ నిదానం వాడికి ఉందో లేదో అక్కడ తేలిపోతుంది.

జాగ్రత్త ముందే చెప్పాల్సింది, ఇప్పుడు చెప్తున్నాను. అబ్బాయికి పదిహేనేళ్లు. కరెంటు ఉన్న స్టార్టరు మూత వాడు తీయకూడదు. పెద్దవాళ్లు మెయిన్ ఆపి, మూడు ఫ్యూజులూ పీకి తమ జేబులో వేసుకుని, టెస్ట్ ల్యాంపుతో మూడు ఫేజులూ చూశాకే దగ్గరికి రానివ్వండి. టెస్టరు వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవడం ఈ పనిలో ప్రాణాలు తీసే అలవాటు. సింగిల్ ఫేజు బోరు ప్యానల్ అయితే మెయిన్ ఆపాక కూడా కెపాసిటర్లలో ఛార్జి ఉంటుంది, దాన్ని ఖాళీ చేసే పద్ధతి తెలిసినవాళ్లు పక్కనుండాలి.

లైన్‌మన్ ఉద్యోగం గురించి బాబాయి గారు చెప్పింది అసత్యం కాదు, కానీ సగమే. మన గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంటు (జూనియర్ లైన్‌మన్) పోస్టులకు పది తర్వాత ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్, లేకపోతే ఇంటర్ ఒకేషనల్‌లో సంబంధిత కోర్సు అడిగారు. స్తంభం ఎక్కడం, మీటరు రీడింగు, సైకిల్ తొక్కడం పరీక్షలు పెట్టారు. అంటే ఐటీఐతో తలుపు దగ్గరికి వెళ్తారు, నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందన్నది మన చేతిలో లేదు. పని ఎలా ఉంటుందో కూడా తెలియాలి. గాలివాన రాత్రి తెగిన లైను కోసం వెళ్లడం, సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకోవడం, లైను చచ్చిందని నిర్ధారించుకుని రెండు వైపులా ఎర్త్ చేసి అప్పుడు స్తంభం ఎక్కడం. ఎత్తు అంటే భయమున్నవాడు, తొందరపాటు మనిషి ఈ పనిలోకి రాకూడదు.

సొంత పని వైపు చూసేవాళ్లకు వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్ పర్మిట్, ఆపైన కాంట్రాక్టరు లైసెన్సు ఉన్నాయి. చదువు, అనుభవం బట్టి ఇస్తారు. ఊళ్లో చేయి తిరిగిన పనివాళ్లు చాలామంది పర్మిట్ తీసుకోకుండా ఉండిపోతారు, అందుకే అపార్ట్‌మెంటు, ఫ్యాక్టరీ పనులు వాళ్ల పేరు మీదకు రావు.

---

దారిగుర్తు

తలుపులు మూసుకుపోవడం గురించి అడిగారు. నోటిఫికేషన్‌ను చివరి పేజీ నుంచి చదవడం నేర్చుకుంటే ఈ ప్రశ్నకు ఎవరినీ అడగక్కర్లేదు. జీతం, పోస్టుల సంఖ్య మొదటి పేజీలో ఉంటాయి, అందరూ అవే చూస్తారు. విద్యార్హత, మెడికల్ ప్రమాణాలు వెనక అనుబంధంలో ఉంటాయి. మీ తమ్ముడికి నచ్చే నాలుగు ఉద్యోగాల పాత నోటిఫికేషన్లు డౌన్‌లోడ్ చేసి, ఒక్కో దాంట్లో మూడు విషయాలు నోట్‌బుక్‌లో రాయించండి: ఏ సర్టిఫికెట్ అడిగారు, కళ్లకు ఏ ప్రమాణం పెట్టారు, వయసు ఎంత.

కళ్లద్దాల సంగతి తీసుకుందాం, ఎందుకంటే వాడు దిగులు పడుతున్నది దాని గురించే. రైల్వేలో ప్రతి పోస్టుకూ ఒక మెడికల్ ప్రమాణం ఉంటుంది. అసిస్టెంట్ లోకో పైలట్‌ది అన్నిటికంటే కఠినమైన ఏ-1. కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి, రంగులు, రాత్రి చూపు పరీక్షలూ నెగ్గాలి. లేసిక్ ఆపరేషన్ చేయించుకున్నా ఒప్పుకోరు. కాబట్టి మైనస్ ఒకటిన్నర ఉన్న అబ్బాయికి ఆ తలుపు మూసుకున్నట్టే, దాని మీద ఆశ పెట్టించకండి. అంతమాత్రాన రైల్వే అంతా మూసుకుపోలేదు. అద్దాలతో చూపు సరిపోయే పోస్టులు అదే రైల్వేలో ఉన్నాయి. ఎవరో "రైల్వేకు పనికిరావు" అని మొత్తంగా అనేశారు. అలాంటి మాట వినగానే ఏ పోస్టుకు అని తిరిగి అడగడం అలవాటు చేసుకోవాలి.

ఇంకో పరీక్ష వెంటనే చేయించండి, రంగులది. చుక్కల మధ్య అంకె చదివించే పుస్తకం కంటి డాక్టరు దగ్గర ఉంటుంది, ఐదు నిమిషాల పని. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియకపోవడం ఎక్కువగా మగపిల్లల్లోనే ఉంటుంది, వాళ్లకే తెలియకుండా పెరిగిపోతారు. ఫేజుల వైర్లు ఎరుపు, పసుపు, నీలం, ఎర్తు ఆకుపచ్చ. ఎలక్ట్రికల్‌లో చేరాక, ఉద్యోగం మెడికల్ దగ్గర ఈ సంగతి బయటపడితే చదివిన మూడేళ్లు వెనక్కి రావు.

సర్టిఫికెట్ విషయంలో జనం పొరపడే చోటు ఒకటుంది. డిప్లొమా ఐటీఐ కంటే పైది కాబట్టి ఐటీఐ అడిగిన పోస్టుకు డిప్లొమా సరిపోతుందనుకుంటారు. చాలాచోట్ల సరిపోదు. రైల్వే టెక్నీషియన్ గ్రేడ్-3లో ఐటీఐకి బదులు డిప్లొమా, డిగ్రీ చెల్లవని రాసే ఉంటుంది. అసిస్టెంట్ లోకో పైలట్‌కు మాత్రం రెండూ చెల్లుతాయి. మరోవైపు జూనియర్ ఇంజినీర్ పోస్టులు, రైల్వేలోవైనా, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వేసేవైనా, డిప్లొమాతో మొదలవుతాయి, ఐటీఐతో కుదరదు. మూల వేతనం 35,400. స్టాఫ్ సెలక్షన్ జేఈ మొదటి పేపరులో 200 ప్రశ్నలుంటే వంద బ్రాంచి సబ్జెక్టువే, 50 రీజనింగ్, 50 జనరల్ అవేర్‌నెస్, తప్పుకు పావు మార్కు పోతుంది. అంటే డిప్లొమాలో సర్క్యూట్లు, మెషీన్లు నిజంగా చదివినవాడికి సగం పేపరు సిద్ధంగా ఉన్నట్టే. వీటికి బీటెక్ వాళ్లూ పోటీకి వస్తారు, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఐటీఐలో చేర్చినా ముందుకు చదివే దారి ఉంది. రెండేళ్ల ట్రేడు పాసైనవాళ్లు బ్రిడ్జి కోర్సు, ప్రవేశ పరీక్ష దాటితే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఐటీఐ ఎంచుకునేటప్పుడు ఎన్‌సీవీటీ అనుబంధం (ఐటీఐ ట్రేడులకు జాతీయ స్థాయి గుర్తింపు) ఉందో లేదో, అది ఎలక్ట్రీషియన్ ట్రేడుకే ఉందో చూడండి. బోర్డు మీద ఉందని నమ్మొద్దు, పోయినేడాది పాసైన కుర్రాడి సర్టిఫికెట్ చూడండి. ఐటీఐ తర్వాత ఏడాది అప్రెంటిస్ చేసి, దాని పరీక్ష పాసైతే వచ్చే సర్టిఫికెట్‌కు రైల్వేలోనూ ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ మంచి విలువ ఉంది. డిప్లొమా వాళ్లకూ ఏడాది అప్రెంటిస్ ఉంటుంది, పేర్లు నమోదు చేసుకునే పోర్టల్ మాత్రం వేరు. చదువు అయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చుని నోటిఫికేషన్ కోసం చూసేవాళ్ల కంటే ఈ ఏడాది పూర్తిచేసినవాళ్లకు ఇంటర్వ్యూలో చెప్పడానికి పని ఉంటుంది.

---

చాక్‌పీస్_చివర

ఎంపీసీ తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. నాన్నగారి భయంలో న్యాయం ఉంది. పదిహేనేళ్లకే ఒక బ్రాంచిలో బిగించేస్తే, పదిహేడేళ్లకు మనసు మారితే వెనక్కి రావడం కష్టం. ఎంపీసీ చదివినా ఈఏపీసెట్ రాసి బీటెక్ ట్రిపుల్‌ఈలో చేరవచ్చు. 160 ప్రశ్నల్లో 80 లెక్కలు, 40 ఫిజిక్స్, 40 కెమిస్ట్రీ. బీఎస్సీ, ఎన్‌డీఏ (సైనిక అధికారుల అకాడమీ) లాంటివీ తెరిచే ఉంటాయి.

కానీ ఇక్కడ అబ్బాయి తీరు చూడాలి. హాస్టల్ కాలేజీల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లే ఉంటాయి, స్క్రూడ్రైవరు ముట్టుకునే వీలు రెండేళ్లపాటు ఉండదు. చేత్తో పట్టుకుంటే అర్థమయ్యే పిల్లలు అక్కడ నీరసపడతారు, మార్కులు తగ్గుతాయి, తమకు చదువు రాదని నమ్మేస్తారు. మీవాడిని ఎంపీసీకి పంపితే రోజూ ఇంటికి వచ్చే కాలేజీలో చేర్చండి. ఇక సీఎస్‌ఈ విషయం. దానికీ ఇదే పరీక్ష పెట్టండి. వేసవిలో ఒక నెల రోజూ గంట ప్రోగ్రామింగ్ నేర్పించి, తప్పు ఎక్కడుందో వెతుకుతూ అరగంట కదలకుండా కూర్చుంటున్నాడేమో చూడండి. కూర్చుంటే నాన్నగారి మాట కూడా గట్టిదే. అడిగి తెలుసుకునే సంగతి కాదిది, చేయించి చూడాల్సిందే.

---

సత్తెనపల్లి_అక్క

ఇంత ఓపిగ్గా రాసిన మీ అందరికీ ధన్యవాదాలు. నాన్నకు చదివి వినిపించాను. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, పాలిసెట్ రాయనిద్దాం, సీటు ఎక్కడొస్తుందో చూసి మాట్లాడదాం అన్నారు. స్టార్టరు బొమ్మ పని వాడికి ఇప్పటికే చెప్పాను, పరీక్షలయ్యేదాకా ఆగమన్నా ఆగట్లేదు.

ఇంకో రెండు సందేహాలు. పాలిటెక్నిక్‌లో ఆరు నెలల ట్రైనింగ్ ఉంటుందని సార్ అన్నారు, అది నిజంగా పనికొస్తుందా? ప్రభుత్వ కాలేజీలో సీటు రాకపోతే ప్రైవేటులో ట్రిపుల్‌ఈ చేర్చాలా, లేక ప్రభుత్వ కాలేజీలోనే దొరికిన వేరే బ్రాంచిలో చేర్చాలా?

---

నల్లబల్ల

ట్రైనింగ్ చివరి ఏడాదిలో వస్తుంది. పనికొస్తుందా లేదా అనేది ఎక్కడ చేశాడన్నదాని మీద ఉంటుంది. ఇంటికి దగ్గరని ఏదో షాపులో సంతకాలు పెట్టించుకుని ఆర్నెల్లు గడిపేసేవాళ్లున్నారు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు కేంద్రం, స్పిన్నింగ్ మిల్లు, సిమెంటు ఫ్యాక్టరీ, సబ్‌స్టేషన్, ఇలాంటి చోట మెయింటెనెన్స్ విభాగంలో పడేలా చూసుకోవాలి. మీ పల్నాడులో సిమెంటు ఫ్యాక్టరీలు, స్పిన్నింగ్ మిల్లులు రెండూ ఉన్నాయి కాబట్టి దూరం పోనక్కర్లేదు. రోజూ ఏ మోటారుకు ఏ లోపం వచ్చింది, ఎలా కనిపెట్టారు, ఏ రీడింగు తీశారు అని డైరీ రాస్తే తర్వాత ఉద్యోగానికి అదే బలం. ఒకే మోటారు మెగ్గర్ రీడింగు వారం వారం రాసి, వానాకాలం వచ్చేసరికి ఎంత పడిపోయిందో చూపించగలిగిన కుర్రాడిని ఏ మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జీ వదులుకోడు.

రెండో ప్రశ్నకు నా అభిప్రాయం: ఫలానా బ్రాంచి కావాలని వాడే అడుగుతున్నప్పుడు, ల్యాబ్ బాగున్న ప్రైవేటు కాలేజీ దొరికితే అక్కడ ట్రిపుల్‌ఈనే మేలు. ల్యాబ్ లేని ప్రైవేటు కాలేజీలో ట్రిపుల్‌ఈ కంటే ప్రభుత్వ కాలేజీలో మెకానికల్ నయం. మోటార్లు, పంపులు, బేరింగులు అక్కడా ఉంటాయి, విప్పి బిగించే చేతికి అక్కడా పని ఉంటుంది. రైల్వే జేఈలోనూ స్టాఫ్ సెలక్షన్ జేఈలోనూ మెకానికల్‌కు పోస్టులుంటాయి. సంబంధం లేని బ్రాంచిలో మాత్రం సీటు వచ్చింది కదా అని చేర్చకండి. హాజరు 75 శాతం ఉండాలి, ఇష్టంలేని బ్రాంచిలో పిల్లలు మొదట జారేది అక్కడే. 65 దాకా ఆరోగ్య కారణాలతో మినహాయింపు అడగవచ్చు, అంతకన్నా తగ్గితే ఆ ఏడాది గానీ ఆ సెమిస్టరు గానీ మళ్లీ చదవాల్సిందే.

---

ఫీడర్_33

ఒక చిన్న చేర్పు. సిమెంటు ఫ్యాక్టరీలో ట్రైనింగ్ అయితే దుమ్ము, శబ్దం, షిఫ్టులు ఉంటాయి. చేరేముందు ఒక్క పూట లోపలికి తీసుకెళ్లి చూపించమని అడగండి, తెలిసిన ఉద్యోగి ఉంటే పాసు ఇప్పిస్తారు. సబ్‌స్టేషన్ చూడాలంటే మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని కలిసి అనుమతి తీసుకోండి, కంచె లోపలికి వాళ్లు తీసుకెళ్తేనే వెళ్లాలి. ఆపరేటరు గంట గంటకూ లాగ్‌షీట్‌లో ఫీడర్ల ఆంపియర్లు, వోల్టేజీ ఎలా రాస్తాడో ఒక పూట పక్కన కూర్చుని చూడమనండి. స్టార్టరు బొమ్మ గీశాక ఇక్కడ ఫొటో పెట్టండి, ఎక్కడైనా తప్పుంటే దిద్దుతాను. ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టును నోవోల్ట్ కాయిల్‌తో సిరీస్‌లో గీశాడా, పక్కన వేరుగా గీశాడా అన్నది ముందు చూసుకోమనండి, కొత్తవాళ్లు ఎక్కువమంది తప్పేది అక్కడే.